తొంభై ఆరు మార్కుల కుంచం

పెళ్లికి ఎంతమంది వస్తారో తెలుసుకోవాలంటే పెళ్లికూతురి తండ్రిని మాత్రం అడగకూడదు. ఆ నెలంతా ఆయన మనసులో ఒక పెద్ద పందిరి వేసుకుని తిరుగుతుంటాడు. ఆ పందిట్లో రానన్నవాళ్లు, రాలేనివాళ్లు, ఒకరిద్దరు కాలం చేసినవాళ్లు కూడా బంతికి కూర్చుని ఉంటారు. అడిగితే పెళ్లికూతురి మేనమామను అడగాలి. ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆయనకు తెలుసు. ఆయన చెప్పిన సంఖ్యకు కాస్త పెరుగు కలుపుకుంటే సరిపోతుంది.

మా ఆయన ఈ ఉక్కు నగరంలో వంటమేస్త్రీ. బర్మామైన్స్‌లో మా ఇంటి ముందే గుండిగలు బోర్లించి ఉంటాయి. వండడం ఆయన పని, ఎంత వండాలో చెప్పడం నా పని. ఇంతమందికి ఇంత బియ్యం, ఇంత కందిపప్పు, ఇంత చింతపండు అన్న లెక్క నాకెవరూ నేర్పలేదు. మిగిలిపోయిన అన్నం నేర్పింది. ఒక్కోసారి చాలని అన్నం ఇంకా గట్టిగా నేర్పింది. ఇప్పుడు చుట్టాల్లో ఎవరికి ఏ లెక్క తేలకపోయినా మా గుమ్మం ఎక్కుతారు.

మా చెల్లెలి కూతురు ఒక శుక్రవారం మధ్యాహ్నం అలాగే ఎక్కింది. కాసిడీహ్‌లో ఉంటుంది, ఎం.ఏ. చివరి సంవత్సరం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చిన కుటుంబాలు వెంట ఏ కొలతలు తెచ్చుకున్నాయి, వాటిలో వంటింట్లో ఇంకా ఏవి బతికున్నాయి అన్నదాని మీద పెద్ద వ్యాసం రాస్తోంది. చేతిలో కాగితాల కట్ట, ముఖం మాడిన అట్టు.

"ఏటే, అలగున్నావు? అన్నం తిన్నావా?"

"పెద్దమ్మా, మేడమ్ నే పూరా చాప్టర్ రోక్ దియా."

మా పిల్లలందరూ ఇంతే. నేను తెలుగులో అడిగితే హిందీలో చెబుతారు. పిలుపు ఒక్కటే తెలుగు. మేడమ్ అంటే వ్యాసం దిద్దే అధ్యాపకురాలు. ఆవిడ అధ్యాయం మొత్తాన్ని ఆపేశారట.

కాగితం అందుకున్నాను. ఒక వాక్యం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. 'ఒక కుంచం బియ్యం మూడు కిలోల ఐదువందల పన్నెండు గ్రాములు.' కింద మా అమ్మాయి ఒక వెబ్‌సైటు చిరునామా వేసింది. దాని పక్కన మేడమ్ ఎర్ర సిరాతో రాశారు: 'ఈ సైటును నువ్వెందుకు నమ్మావు? కారణం రాయి. లేకపోతే వాక్యం తీసెయ్యి.'

"ఒక్క వాక్యమే గదే. తీసెయ్యి."

"అదెలా పెద్దమ్మా?" అని ఈసారి తెలుగులోకి దిగింది. అంటే పరిస్థితి బాగులేదన్నమాట. "తరవాతి లెక్కలన్నీ దాని మీదే ఉన్నాయి. సోల, తవ్వ, మానిక, అడ్డ, చిన్న కొలతలన్నీ. అది పోతే చాప్టర్ పోతుంది. సోమవారం ఇవ్వకపోతే సాల్ బర్బాద్."

ఒక ఏడాది పోతుంది. మా చెల్లెలు కూతురి చదువు కోసం ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు. ఆ పిల్ల ఏడాది మా కుంచం మీద నిలబడి ఉంది.

"ఓస్, ఇంతేనా? మనిసిని నమ్మడానికి ఏటి సూత్తామో, సైటుక్కూడా అదే సూద్దాం. ఫోను తియ్యి" అన్నాను.

కుంచం గురించి చెప్పే సైట్లన్నీ తెరిపించి మార్కులు వేయడం మొదలుపెట్టాను. రాసింది ఎవరో చెప్పుకున్నారా, ఏదైనా అమ్ముకోవడానికి రాశారా, ముందు ఒక మాట చెప్పి కింద ఇంకో మాట చెబుతున్నారా, లెక్క ఎంత ఖచ్చితంగా ఉంది. ఒక్కోదానికి ఇన్నేసి మార్కులని పెట్టుకున్నాను. వీటిలో చివరిదానికి ఎక్కువ మార్కులు పెట్టానన్న సంగతి ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడది నాకు వింతగా అనిపించలేదు.

మొదటి సైటు తెరవగానే మోకాళ్ల నొప్పుల మందు ఒకటి కళ్ల ముందు ఎగిరెగిరి పడింది. కుంచం దాకా వెళ్లేలోపు మూడు చోట్ల మూసుకుంటూ పోవాల్సి వచ్చింది. దానికి ముప్ఫై. ఇంకొకాయన 'మా అమ్మమ్మ చెప్పేది' అని మొదలుపెట్టాడు. అమ్మమ్మ చెప్పింది సాక్ష్యమా? నలభై.

మరొక సైటు చూడ్డానికి బియ్యం సంచి మీద అచ్చులా వెలవెలపోతూ ఉంది. రాసినాయన పేరు ఉంది, ఊరు ఉంది, చిన్నప్పుడు కళ్లంలో ధాన్యం కొలిచేవాణ్ణని చెప్పుకున్నాడు. అంతా చెప్పి చివర ఇలా రాశాడు: 'కుంచం ఊరిని బట్టి, గింజను బట్టి, పోసే చేతిని బట్టి మారుతుంది. సుమారుగా మూడు, మూడున్నర కిలోలు అనుకోవచ్చు.'

నాకు ఒళ్లు మండింది. మూడుకీ మూడున్నరకీ మధ్య అర కిలో! అంత తేడాతో వండితే మనం బాగ్‌బేరా వీధుల్లో తలెత్తుకు తిరగగలమా?

"ఈయనకి లెక్కంటే బెంగ నేదు. ఇరవై రెండు" అన్నాను.

ఇక మా అమ్మాయి పెట్టిన సైటు. తెల్లటి పేజీ. గీసినట్టు గళ్లు. సోల నుంచి కుంచం దాకా ఒక్కో కొలత, ఎదురుగా బరువు. ఒక్కోదానికీ చుక్క తర్వాత మూడేసి అంకెలు. చూడగానే నా ప్రాణం లేచివచ్చింది. చుక్క తర్వాత మూడు అంకెలు వేసేవాడు అబద్ధం చెబుతాడా? అబద్ధం చెప్పేవాడు గుండు సున్నాల సంఖ్య చెబుతాడు గానీ పన్నెండు గ్రాముల దాకా ఎందుకు పోతాడు?

తొంభై ఆరు వేశాను. రాసినవారి పేరు లేదు గనక నాలుగు తగ్గించాను.

అంతటితో ఆగలేదు. అదే సంఖ్య ఇంకెక్కడైనా ఉందేమో చూడమన్నాను. చూసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ధాన్యం ధరల సైటులో అదే. పాత కొలతలను కిలోల్లోకి మార్చి చూపే సైటులో అదే. పిల్లలకు పోటీ పరీక్షల ప్రశ్నలు తయారుచేసే సైటులో కూడా అదే, మూడు కిలోల ఐదువందల పన్నెండు.

"సూసేవా? ఇంతమంది ఒకే మాట మీదున్నారు. ఇంకేటి కావాలి మీ మేడమ్‌కి?"

అమ్మాయి మార్కుల కాగితం ఫోటో తీసి మేడమ్‌కు పంపింది. శనివారం పొద్దున ఇద్దరం పులిహోరకు చింతపండు పిసుకుతుంటే ఫోను మోగింది. అమ్మాయి మోచేత్తో నొక్కి, అందరికీ వినబడేలా పెట్టింది. మేడమ్ హిందీలో మాట్లాడారు, నేను తెలుగు చేసి రాస్తున్నాను.

"మార్కులు వేసింది మీ పెద్దమ్మగారేనా? ఆవిడతోనే ఒక మాట అడగొచ్చా? ఆంటీజీ, మీరు పెళ్లిళ్లకు లెక్క చెబుతారట. ఎంతమంది వస్తారని నలుగురిని అడిగారనుకోండి. నలుగురూ ఒకే సంఖ్య చెప్పారు. నమ్ముతారా?"

"అయ్యో, నమ్మను మేడమ్. నలుగురికీ ఒకే సంఖ్య ఎలా తోస్తుంది? వాళ్లంతా వెళ్లి ఒకే బావగారిని అడిగొచ్చి ఉంటారు."

అన్నాక గానీ ఆ మాట నాకే తగిలిందని తెలియలేదు. చింతపండు రసం మోచేతుల దాకా కారుతోంది.

"సరే అయితే. ఆ బావగారెవరో కనుక్కోండి" అని ఆవిడ నవ్వి పెట్టేశారు.

బావగారిని పట్టుకునే విద్య నాకు లేకపోలేదు. పెళ్లి లెక్కల్లో అందరూ మగపెళ్లివారి బస్సును ఒకేలా మరిచిపోతే, ఆ మరుపు ఒకే నోటి నుంచి వచ్చిందని అర్థం. ఒప్పులు అందరికీ ఒకేలా ఉండొచ్చు. అందరి దగ్గరా ఒకే తప్పు ఉంటేనే కాపీ. అందుకని ఆ గళ్ల పట్టీలో తప్పు ఉందేమో చూడ్డానికి చేతులు కడుక్కుని కూర్చున్నాను.

ఎక్కువసేపు పట్టలేదు. రెండు అడ్డలు ఒక కుంచం. ఇది మా ఇళ్లలో పాలు మరవని పిల్లకు కూడా తెలుసు. పట్టీలో అడ్డ ఒక కిలో ఆరువందల నలభై గ్రాములని ఉంది. రెండింతలు చేస్తే మూడు కిలోల రెండువందల ఎనభై రావాలి. పట్టీలో కుంచం మూడు కిలోల ఐదువందల పన్నెండు. రెండువందల ముప్ఫై రెండు గ్రాములు ఎక్కడి నుంచో వచ్చి కూర్చున్నాయి.

తొంభై ఆరు మార్కులు వేసేటప్పుడు చుక్కల అందం చూశాను గానీ, ఒక్కసారి రెండుతో గుణించి చూడలేదు.

"మిగతా సైట్లు తియ్యి."

తీసింది. ధాన్యం ధరల సైటులో అదే రెండువందల ముప్ఫై రెండు గ్రాములు. పరీక్షల సైటులో అవే. ఒక్కడు కూడా గుణించలేదు. నేను పిలిచిన సాక్షులందరూ ఒకే మనిషి, చొక్కాలు మార్చుకుని వచ్చాడంతే.

అమ్మాయి అన్నింటి తేదీలూ చూసుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్లింది. అన్నింటికంటే పాతది పండగల గురించి, తిండి గురించి ఎవరో రాసుకున్న పేజీ. 'ఉక్కు నగరంలో ఒక తెలుగు అమ్మవారి పండగ' అని శీర్షిక. కింద అవే అంకెలు, పక్కన ఫోటో. పసుపు రాసిన పీట, వేపమండలు, పీట మీద నిండుగా బియ్యం పోసిన ఇనప కుంచం.

అమ్మాయి ఫోనును ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. తర్వాత వంటింటి అటక వైపు చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"పెద్దమ్మా, యే తో హమారా హై! మనదే!"

ఎక్కడో చిరిగిన చీరకు మనం వేసుకున్న అతుకు మనకు తెలియకుండా పోతుందా? మా మామగారు కుంచం పక్క చీలితే రేకు ముక్క పెట్టి మూడు మేకులు కొట్టారు. మూడోది వంకర. స్టూలు వేసుకుని అటక మీద నుంచి కుంచం దించి ఫోటో పక్కన పెట్టాను. ఫోటోలో కూడా మూడోది వంకర.

సరిగ్గా అప్పుడే మా ఆయన సాక్చీ బజారు నుంచి కరివేపాకు మోపుతో లోపలికి వచ్చారు.

"ఏటండీ, ఈ పొటో ఎవలికిచ్చేరు?"

ఆయన అద్దాలు పెట్టుకుని చూశారు. ముఖం విప్పారింది. "ఇదా? నానివ్వనేదు, ఆ కుర్రోడే తీసుకున్నాడు. అప్పుడు అమ్మోరి పండక్కి వచ్చేడు, బోయినం సేసేడు, పులిహోర మల్లీ అడిగేయించుకున్నాడు. మంచోడు."

పులిహోర రెండోసారి అడిగినవాడు మా ఆయన లెక్కలో మంచివాడే. ఆయన మార్కుల పద్ధతి అది.

"ఆడేటి అడిగేడు?"

"కుంచానికి ఎన్ని కిలోలన్నాడు. మాటలెందుకని కాటా మీదెట్టి సూపించేను. సోలా, అడ్డా అన్నీ తూసి సూపించేను. ఏటే, తప్పా?"

"పెద్నాన్నా, అడ్డ ఎక్కడ తూచారు?" అని అమ్మాయి అడిగింది.

"వంటింట్లోనే. బోయినాలకి బియ్యం తీత్తన్నాం గదా."

"కుంచం?"

"అమ్మోరి ముందర. ముడుపు బియ్యం పోత్తన్నప్పుడు."

"తో? అయితే?" అంది అమ్మాయి. దానికి అర్థం కాలేదు. నాకు అయింది. నవ్వు ఆపుకోలేక కుంచాన్ని పట్టుకుని కూర్చుండిపోయాను.

వంటింట్లో కొలిచేటప్పుడు పోసిన బియ్యాన్ని అరచేత్తో అంచు వరకు సమంగా గీసేస్తాం. దాన్ని తలగొట్టడం అంటాం. అమ్మవారి ముందు అలా చెయ్యం. గింజలు జారి పీట మీద పడేదాకా, మీద గోపురం నిలిచేదాకా పోస్తాం. అమ్మవారికి ఇచ్చేదాన్ని అరచేత్తో గీసే ధైర్యం మా వాళ్లలో ఎవరికీ లేదు.

"తలగొట్టి తూయనేదా మీరు?" అన్నాను, తెలిసే.

"అమ్మోరి ముందర తలగొడతారేటే! కళ్లు పోవూ?" అన్నారాయన నిజంగానే అదిరిపడి.

ఆ రెండువందల ముప్ఫై రెండు గ్రాములూ అమ్మవారి గోపురం. దాన్ని ఆ కుర్రవాడు తెలియక కుంచంలో కలిపి రాశాడు. తెల్ల పేజీవాడు ఎత్తుకుని గళ్లు గీశాడు. మిగతావాళ్లు తెల్ల పేజీని ఎత్తుకున్నారు. ఇవాళ ఏ ఊరివాడు కుంచాన్ని కిలోల్లోకి మార్చి చూసుకున్నా మా బర్మామైన్స్ అమ్మవారి వాటా కూడా కలిపే మార్చుకుంటున్నాడు.

మా అమ్మాయి మార్కుల కాగితం ఆయనకు చూపించి జరిగిందంతా చెప్పింది. ఆయన అంతా విని ఒక్కటే పట్టుకున్నారు.

"అంటే, నాకు తొంబై ఆరు ఏసిందా మీ పెద్దమ్మ?"

నేను కరివేపాకు దూయడంలో పడ్డాను. 'పది నిముషాల్లో వచ్చేత్తాను' అని ఈయన చెబితే అన్నం మూత తీయని మనిషిని నేను.

"నాలుగెందుకు తగ్గించిందట?"

"పేరు లేదని" అంది అమ్మాయి.

"సూడు మరి! ఆ కుర్రోడు నా పేరు రాసుంటే నూరొచ్చును గదా!"

ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అమ్మాయి కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. నవ్వు వల్ల కాదని చూస్తే తెలిసింది. "అబ్ క్యా లిఖూఁ, పెద్దమ్మా? ఏం రాయను? సోమవారం ఎల్లుండే. ఉన్న ఒక్క లెక్కా పోయింది."

సైటు తప్పని పట్టుకున్న సంబరంలో, ఆ తప్పు మీదే పిల్ల అధ్యాయమంతా నిలబడి ఉందన్న సంగతి మరిచిపోయాను. "మేడమ్‌కి ఫోన్ సెయ్యి. జరిగింది జరిగినట్టు సెప్పు. అతుకు సంగతి కూడా సెప్పు" అన్నాను.

చెప్పింది. గోపురం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ నవ్వు ఫోన్లోంచి గదంతా పరుచుకుంది. తర్వాత అన్నారు: "ఇంత మంచి విషయం చేతిలో పెట్టుకుని ఏడుస్తావేం? సైటును వదిలెయ్యి. కుంచం మీ ఇంట్లోనే ఉంది. నువ్వే కొలువు. ఎవరు పోశారు, ఏ బియ్యం, తలగొట్టా, గోపురంగానా, అన్నీ రాయి. ఒక్క సంఖ్య రాకపోయినా పర్వాలేదు. ఎందుకు రాలేదో రాయి. ఆంటీజీ, మీరు ఇరవై రెండు వేసిన ఆయన పేజీ మరోసారి చదవండి."

ఆదివారం మా వంటింట్లో కొలతలు పెట్టాం. అమ్మాయి రాయడానికి, నేను కాటా చూడ్డానికి, మా ఆయన పోయడానికి. ఆయన చేతికి తలగొట్టడం బాగా అలవాటే గానీ, ఆ రోజు ఆ పిల్ల చదువుకు కొలుస్తున్నామన్న భక్తిలో ప్రతిసారీ కాస్త కుప్పగానే వదిలేస్తున్నారు.

"పెద్నాన్నా, బరాబర్ కరో!"

"సదువులమ్మకి తక్కువ పోయమంటావేటి?"

చివరికి నేను పోశాను. నేను పోస్తే ఆయన పోసినంత రాలేదు. ఉప్పుడు బియ్యానికి ఒక బరువు, పచ్చి బియ్యానికి ఇంకో బరువు. అదే బియ్యం, అదే చెయ్యి, మళ్లీ పోస్తే పది పదిహేను గ్రాములు అటూ ఇటూ. కుంచాన్ని నేలకు తట్టి పోస్తే ఇంకాస్త పట్టింది. చుక్క తర్వాత మూడో అంకె నిలవలేదు. రెండోది కూడా నిలవలేదు. వాటిని కొట్టెయ్యమని అమ్మాయికి చెబుతుంటే బంతిలో కూర్చున్నవాళ్లను లేపుతున్నట్టు అనిపించింది.

సాయంత్రానికి మా చేతిలో మిగిలిన వాక్యం ఇది: ఈ కుంచం, తలగొట్టి పోస్తే, మూడుంపావు కిలోలకు అటూ ఇటూగా పడుతుంది. గింజను బట్టి, పోసే చేతిని బట్టి మారుతుంది. అమ్మాయి రాసుకుని తలెత్తింది. నేను లేచి మార్కుల కాగితం తెచ్చి, ఆ వెలవెలపోయిన పేజీ పక్కన ఇరవై రెండు కొట్టేసి తొంభై వేశాను. పూర్తిగా నూరు వేద్దామనుకున్నాను గానీ, ఆయన తలగొట్టి చెప్పాడో, గోపురంగా చెప్పాడో రాయలేదు.

సోమవారం అమ్మాయి కాలేజీకి వెళ్లింది. నేను గుమ్మంలో గుమ్మడికాయ తరుగుతున్నానే గానీ చెవి ఫోను దగ్గరే ఉంది. మధ్యాహ్నం దాటాక మోగింది.

"పాస్ హో గయా, పెద్దమ్మా! చాప్టర్ తీసుకున్నారు. కుంచం పేజీ అన్నింటికంటే బాగుందన్నారు. పెద్నాన్న మాట కింద గమనికలో ఉంది, 'వంటమేస్త్రీ చెప్పగా' అని."

మా ఆయన పక్కనుంచి "పేరు?" అని సైగ చేశారు. నేను చెయ్యి ఊపి ఆపాను.

"ఇంకేటన్నారు?"

"ఏం లేదు. పక్కన పెన్సిల్‌తో చిన్నగా ఒకటి రాశారు. చివరి కాపీలోపు చూసుకోమన్నారు. 'మీ కాటా సరిగ్గా తూస్తుందని ఎవరు చెప్పారు?'"

నాకు ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మేనమామలాంటి మనిషి. వెంటనే కత్తిపీట పక్కన పెట్టి, కాటా తెచ్చి, వంటింట్లో ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్ విప్పకుండా దాని మీద పెట్టాను. ఒక కిలో ఎనిమిది గ్రాములు చూపించింది.

"ఎనిమిదీ కవరుదయ్యుంటాది. కాటా మంచిదే" అన్నాను ఫోన్లో.

మా ఆయన ప్యాకెట్ ఎత్తి, అద్దాలు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో కిలో ఉందని ఎవలు సెప్పేరే?"

అవతల అమ్మాయి నవ్వుతోంది. నేను ప్యాకెట్ ఆయన చేతిలోంచి లాక్కుని, "అది కూడా కింద రాసుకోయే" అన్నాను.